టైపులో కొత్త కేసు కలిపేముందు

రస్ట్, ఓకామల్, హాస్కెల్ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో పాత టైపుకి కొత్త వేరియంట్, అంటే ఆ టైపు విలువకి ఇంకో కేసు, కలపడం చూడ్డానికి ఒక్క లైను పనే. మర్చిపోయిన చోటల్లా కంపైలరే పట్టిస్తుందిలే అన్న ధీమాతో మాత్రం మొదలుపెట్టకండి. మనం చూడనిచ్చిన చోటే అది చూస్తుంది.

అన్నిటికన్నా ముందు ఆ టైపు మీద రాసిన మ్యాచ్‌లలో, అంటే ఏ కేసుకి ఏం చేయాలో చెప్పే కోడ్‌లో, అండర్‌స్కోర్లు వెతకండి. అండర్‌స్కోర్ అంటే ‘మిగతావన్నీ’ అని. ఆర్డర్ స్థితికి పెండింగ్, షిప్డ్, డెలివర్డ్ అని మూడు కేసులున్నాయనుకుందాం. రీఫండ్ ఫంక్షన్‌లో పెండింగ్ అయితే డబ్బు వెనక్కి, అండర్‌స్కోర్ అయితే ఏమీ లేదు అని ఉంది. ఇప్పుడు క్యాన్సిల్డ్ కలిపితే కోడ్ చక్కగా కంపైలవుతుంది, క్యాన్సిల్ చేసుకున్న మనిషికి మాత్రం డబ్బు రాదు. ఇందులో కంపైలర్ తప్పేమీ లేదు. పరిశోధకుడు లూక్ మరాంజె 2007లో వివరించిన పద్ధతిలో అది వేసుకునే ప్రశ్న ఇది: ఉన్న కేసుల కింద ఇంకో అండర్‌స్కోర్ వరుస పెడితే, దాని దాకా వచ్చే విలువ ఏదైనా ఉందా? ఉంటే ఆ విలువనే ఉదాహరణగా చూపిస్తుంది. ఆ వరుస మనమే ముందే పెట్టేస్తే ఇక చూపించడానికి ఏం మిగులుతుంది?

అందుకే అండర్‌స్కోర్ తీసేసి, షిప్డ్, డెలివర్డ్ అని పేర్లు పెట్టి రాయండి. ఈ మార్పు విడిగా ఒక కమిట్‌లో వెళ్లాలి, కొత్త కేసు ఆ తర్వాతే. నేనోసారి రెండూ కలిపేసి, ఏ ఎర్రర్ దేనివల్ల వచ్చిందో తేల్చుకోలేక ఒక పూటంతా పోగొట్టుకున్నాను. ఓకామల్‌లో ఇలాంటి చోట్లను 4వ నంబరు వార్నింగ్ పట్టిస్తుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఈ పని అయ్యేదాకా ఆన్ చేసుకోండి.

కేసు తగ్గిందని చెప్పే వార్నింగ్‌ని ఎర్రర్‌గా మార్చడం మర్చిపోవద్దు. కేసు తగ్గితే రస్ట్ కంపైల్ చేయనే చేయదు. ఓకామల్ 8వ నంబరు వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది, ప్రోగ్రామ్ నడుస్తుండగా ఆ విలువ వస్తే మ్యాచ్ ఫెయిల్యూర్‌తో పడిపోతుంది. హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీకి వాల్ (-Wall) లాంటి ఫ్లాగ్ ఇవ్వకపోతే ఆ వార్నింగ్ కూడా రాదు.

గార్డుల దగ్గర, అంటే కేసు పక్కన పెట్టే అదనపు షరతుల దగ్గర, ఇంకో చిక్కుంది. సున్నా కంటే ఎక్కువ అని ఒకటి, సున్నా లేదా తక్కువ అని ఇంకొకటి రాస్తే మనకి అన్నీ వచ్చేసినట్టే. కంపైలర్ ఆ లెక్క వేయదు, వార్నింగో ఎర్రరో ఇస్తుంది. దాని నోరు మూయించడానికి అడుగున అండర్‌స్కోర్ తగిలించకుండా, చివరి గార్డు తీసేయండి.

ఈక్వల్ గుర్తుతో పోల్చే ఇఫ్‌లు, రస్ట్‌లో మ్యాచెస్ మాక్రో అసలు ఈ తనిఖీలోకే రావు, వాటిని కోడ్ అంతటా గ్రెప్‌తో వెతికి కళ్లతోనే చూసుకోవాలి. డేటాబేస్ నుంచి స్ట్రింగ్‌గా వచ్చే విలువలదీ అదే సంగతి. నడుస్తున్న సర్వర్లన్నీ క్యాన్సిల్డ్‌ని చదవగలిగే వెర్షన్‌కి మారేదాకా, దాన్ని రాసే కోడ్‌ని ఆన్ చేయకండి.