బంకమట్టి పెరట్లో టర్ఫ్: గడ్డి కంటే ముందు అడుగు నేల సంగతి

టర్ఫ్, అంటే ప్లాస్టిక్ గడ్డి, వేయించుకోవాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది గడ్డి గురించే. పోచ ఎత్తు ఎంత, ఏ రంగు బాగుంటుంది, ఎన్నేళ్లు వస్తుంది అని. నేను తిరిగి అడిగేది ఒక్కటే: గట్టి వాన పడితే మీ పెరట్లో నీళ్లు ఎటు పోతాయి? చాలామంది ఎప్పుడూ గమనించి ఉండరు.

ఇసుక నేలైతే ఈ ప్రశ్న అక్కర్లేదు. బంకమట్టి అలా కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది, నీటిని మాత్రం తొందరగా ఇంకనివ్వదు. అలాంటి నేలలో గుంత తీసి కంకర నింపారంటే పెరట్లో తొట్టి కట్టుకున్నట్టే. నీళ్లు కంకర దాటి దిగుతాయి, అడుగున మట్టి దగ్గర ఆగిపోతాయి. ఆ మట్టి వానల్లో ఉబ్బి, ఎండల్లో కుంగి, పైనున్న గడ్డిని ఎగుడుదిగుడు చేసేస్తుంది. నింద గడ్డి మీద పడుతుంది.

ముందు నేలను పరీక్షించండి. అడుగు లోతు గుంత తీసి, నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో స్కేలు పెట్టి చూడండి. అరంగుళం కూడా దిగకపోతే డ్రెయిన్ పైపు తప్పదు.

పని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కూడా ముఖ్యమే. నడివేసవిలో నేల బీటలు తీసినప్పుడు తవ్వి పరిస్తే, వానలకు అడుగంతా పైకి లేస్తుంది. బురదగా ఉన్నప్పుడు దిమ్మిస కొడితే మట్టి అణగదు, పక్కకు జారుతుంది. వానలు వెనకబట్టాక, గుప్పెడు మట్టి పిసికితే ఉండ కట్టి చేతికి అంటకుండా ఉండే రోజులు చూసుకోండి.

భూమిలో నీళ్ల పైపులు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో తెలుసుకున్నాకే పలుగు ఎత్తండి. మామూలు నేలకు నాలుగంగుళాల లోతు సరిపోతుంది, బంకమట్టికి నేను ఆరు తవ్విస్తాను. వాలు ఇంటి గోడ నుంచి బయటికి, పదడుగులకు ఒకటిన్నర నుంచి రెండంగుళాలు ఉండాలి. ఆ వాలు తవ్విన మట్టిలోనే రావాలి, పైన కంకరలో సర్దేస్తే కుదరదు. నీళ్లు ఆగేది మట్టి మీద కాబట్టి జారాల్సిందీ అక్కడే. తాడు కట్టి, నీళ్ల గొట్టంతో మట్టం చూసుకోండి. మట్టిలో కాస్త ఇసుక కలిపితే వదులవుతుందని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి, కొద్దిపాటి ఇసుక కలిస్తే బంకమట్టి ఇంకా గట్టిపడుతుంది.

పల్లపు అంచు వెంట కాలువ తీసి, నాలుగంగుళాల చిల్లుల పైపు, చిల్లులు కిందికి ఉండేలా, కంకర మధ్యలో పరచండి. దాని చివర ఇంకా పల్లంలోకి తెరుచుకోవాలి. అలాంటి పల్లమే లేకపోతే చిన్న సంపు కట్టి మోటారుతో తోడాలి. అదీ వీలుకాని చోట టర్ఫ్ వద్దనే చెబుతాను.

తవ్విన మట్టి మీద నాన్‌వోవెన్ జియోటెక్స్‌టైల్ పరచండి. నీటిని వదిలి మట్టిని ఆపే గుడ్డ ఇది. అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి రావాలి. ఇది లేకపోతే తడి మట్టి కంకర సందుల్లోకి ఎక్కి వాటిని పూడ్చేస్తుంది. దాని మీద 20 ఎం.ఎం. కంకర, సన్న కంకర కలిపి రెండు పొరలుగా వేసి, ప్రతి పొరకూ నీళ్లు చల్లి ప్లేట్ కంపాక్టర్ (నేలను అణిచే యంత్రం) తిప్పండి. పైన అంగుళం లోపు క్రషర్ డస్ట్ (రాతిపొడి) చాలు, మందంగా పోస్తే అదే నీటిని ఆపుతుంది. ఆరడుగుల పట్టీ పెట్టి చూస్తే కింద ఎక్కడా పావు అంగుళం మించి ఖాళీ కనబడకూడదు.

ఇక ఎండ. నేరుగా ఎండ తగిలే టర్ఫ్ మండుటెండలో 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. నీళ్లు కొడితే చల్లబడుతుంది, కాసేపటికి మళ్లీ మొదటికొస్తుంది. మధ్యాహ్నమంతా నీడ పడని చోట, వట్టి కాళ్లతో పిల్లలు ఆడే చోట నేనైతే వేయను. వేయాల్సిందే అంటే పోచల మధ్య లేత రంగు సిలికా ఇసుక నింపండి, నల్ల రబ్బరు గుళికలు వద్దు. పాలిథిలీన్ పోచలున్న రకం తీసుకోండి, మరీ ఎత్తు అక్కర్లేదు, 30–35 ఎం.ఎం. చాలు. ఎదురుగా వేడిని తిప్పికొట్టే పూత ఉన్న కిటికీ అద్దాలుంటే జాగ్రత్త, వాటి మీంచి పడే ఎండ పోచలను కరిగించగలదు. ఈ మాట అమ్మేవాళ్లు చెప్పగా నేను వినలేదు.

చుట్టలు విప్పి కొన్ని గంటలు ఎండలో పరచి ముడతలు పోనివ్వండి. అతికించడం మాత్రం ఉదయమో సాయంత్రమో పెట్టుకోండి. మిట్టమధ్యాహ్నం సాగి ఉన్నప్పుడు అతికిస్తే, రాత్రి చలికి కుంచించుకుని అతుకు తెరుచుకుంటుంది. ముక్కలన్నిట్లో పోచలు ఒకే వైపు వాలాలి. అంచున రెండు మూడు కుట్టు వరసలు కోసేసి, అతుకు సందు మామూలు వరసల మధ్య సందు అంతే ఉండేలా చేర్చండి. అతుకు కింద వేసే సీమ్ టేపు మీద పాలియురెథేన్ జిగురు పూసి, పోచలు అందులో ఇరుక్కోకుండా వేళ్లతో విడదీస్తూ నొక్కండి. అంచుల చుట్టూ ఆరంగుళాలకొకటి చొప్పున, తుప్పు పట్టని ఆరంగుళాల మేకులు దించండి. మేకు తల పోచల్లో మునిగితే చాలు, పోచలు కుట్టి ఉన్న బ్యాకింగ్‌ను నలిపేలా కొట్టకండి.

పోచల మధ్య నింపే ఇసుక పొడిగా ఉండాలి. చదరపు మీటరుకు 5 నుంచి 10 కిలోలు, కొంచెం కొంచెంగా చల్లుతూ పోచలకు ఎదురు దిశలో గట్టి చీపురుతో ఊడ్చండి.

వేసవి ముదిరాక, టర్ఫ్ చుట్టూ అంచుకు కట్టిన గట్టు అవతలి మట్టి కుంచించుకుపోయి, గట్టు పక్కన వేలు పట్టేంత సందు పడుతుంది. దాన్ని సిమెంటుతో పూడ్చకండి. వానలకు మట్టి ఉబ్బినప్పుడు ఆ సిమెంటే గట్టును లోపలికి నెడుతుంది. అప్పుడప్పుడు ఆ అంచు వెంట కాసిని నీళ్లు పెడితే సరి.