స్ట్రెయిట్ పూల్: మళ్లీ ర్యాక్ పెట్టే చోట వచ్చే పేచీలు

ఎయిట్ బాల్ అనే పూల్ ఆటలో ర్యాక్ (బంతుల్ని ట్రయాంగిల్ చట్రంలో పేర్చడం) ఆటకు ఒక్కసారే. పడిన ప్రతి బంతికీ ఒక పాయింట్ వచ్చే స్ట్రెయిట్ పూల్‌లో అలా కాదు. 14 బంతులు పడగానే వాటిని మళ్లీ ట్రయాంగిల్‌లో పేర్చి, ముందు కొనను ఖాళీగా వదిలి, మిగిలిన 15వ బంతిని ఉన్నచోటే ఉంచి ఆట సాగిస్తారు. 1954లో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో అమెరికన్ ఆటగాడు విల్లీ మాస్కోనీ ఒక్కటీ గురి తప్పకుండా వరసగా 526 బంతులు వేయగలిగింది ఈ పద్ధతి వల్లే. గొడవలు కూడా ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

15వ బంతి ట్రయాంగిల్‌కి అడ్డొస్తోంది
చాలామంది దాన్ని వేలితో కాస్త పక్కకి జరిపేస్తారు. అది కుదరదు. అది హెడ్ స్పాట్ (ర్యాక్‌కి ఎదుటి వైపున టేబుల్‌కి అడ్డంగా ఉండే హెడ్ స్ట్రింగ్ గీత నడిమి చుక్క) మీదికి వెళ్లాలి, క్యూ బాల్ (కర్రతో కొట్టే తెల్ల బంతి) కదలకూడదు. హెడ్ స్పాట్‌ను క్యూ బాలే ఆక్రమించి ఉంటే 15వ బంతిని సెంటర్ స్పాట్ (టేబుల్ నట్టనడి చుక్క) మీద పెట్టాలి.

క్యూ బాల్ అడ్డొస్తోంది
ముందు 15వ బంతి ఎక్కడుందో చూడండి. అది హెడ్ స్ట్రింగ్‌కి ర్యాక్ ఉన్న వైపున, ర్యాక్ బయట ఉంటే క్యూ బాల్ చేతికి వస్తుంది, కిచెన్‌లో ఎక్కడైనా పెట్టుకోవచ్చు. (స్నూకర్ అలవాటున్నవాళ్లు 'డి' కోసం వెతక్కండి. హెడ్ స్ట్రింగ్ వెనకున్న చోటంతా కిచెనే.) 15వ బంతి కూడా కిచెన్‌లోనే ఉంటే ఆ స్వేచ్ఛ ఉండదు, క్యూ బాల్ హెడ్ స్పాట్ మీద పెట్టాలి. 15వ బంతి సరిగ్గా హెడ్ స్పాట్ మీదే కూర్చుంటే క్యూ బాల్ సెంటర్ స్పాట్‌కి పోతుంది.

రెండూ అడ్డొస్తే తేలిక: మొత్తం 15 పేర్చి, క్యూ బాల్ కిచెన్ నుంచి ఆడాలి.

అడ్డొస్తోందా లేదా తేలట్లేదు
నా లెక్కలో సగం తగాదాలకు మూలం ఇదే: బట్ట మీద ట్రయాంగిల్ గీత లేకపోవడం. బంతుల్ని గట్టిగా బిగించి, ట్రయాంగిల్ బయటి అంచు వెంట సన్నటి పెన్సిల్‌తో గీయండి. తర్వాత అదే ట్రయాంగిల్ వాడండి, ఎందుకంటే చెక్కదీ ప్లాస్టిక్‌దీ మందం ఒకటి కాదు. బంతిని నిలువుగా పైనుంచి చూడాలి. బట్టకు ఆనిన చోటు గీత బయటే ఉన్నా, బంతి పొట్ట గీత మీదికి వస్తే అది అడ్డే.

బంతి అడ్డొస్తుందా లేదా అన్నది 14వ బంతి కొట్టకముందే రిఫరీని అడగొచ్చు. కొత్త ర్యాక్‌ను చెదరగొట్టడానికి (బ్రేక్) ర్యాక్ పక్కన దాచుకున్న బంతి వెంట్రుకవాసిలో లోపలుందని తేలితే ప్లానే మారిపోతుంది కదా.

14వ బంతితో పాటు క్యూ బాల్ కూడా పడింది
ఇది ఫౌల్, కాబట్టి ర్యాక్ పెట్టకూడదు. ఒక పాయింట్ కోత, పడిన బంతి తిరిగి ఫుట్ స్పాట్ (ర్యాక్ ముందు కొన నిలిచే చుక్క) మీదికి, క్యూ బాల్ ఎదుటివాడి చేతికి. సేఫ్టీ (బంతి వేయడానికి కాక, ఎదుటివాడికి కష్టం చేయడానికి ఆడే దెబ్బ) చెప్పి ఆడినప్పుడు 14వ బంతి పడినా అది తిరిగి టేబుల్ పైకి రావాల్సిందే.

ఫౌల్ లేకుండా 14, 15 రెండూ ఒకే దెబ్బకు పడితే మాత్రం రెండు పాయింట్లూ మీవే. మొత్తం 15 పేర్చి మీరే కొనసాగుతారు, అడ్డు లేకపోతే క్యూ బాల్ ఉన్నచోటు నుంచే.

వరసగా మూడో ఫౌల్
మామూలు ఒక పాయింట్ కాక మరో 15 పోతాయి. టేబుల్ మీద ఎన్ని బంతులున్నా 15 పేర్చి, ఫౌల్ చేసినవాడే ఆట మొదట్లోలా బ్రేక్ చేయాలి.

స్కోరు కుదరట్లేదు
ర్యాక్ పెట్టిన ప్రతిసారీ ఇద్దరి స్కోర్లూ కూడి, ఫౌళ్లకు కోసిన పాయింట్లు కలపండి. 14 గుణిజం రావాలి. 31, 9, రెండు ఫౌళ్లు: 42, అంటే మూడు ర్యాక్‌లు. రాకపోతే ఎవరో ఒక బంతి మరిచారు, లేదా టేబుల్ పైకి తీయాల్సిన బంతి పాకెట్‌లోనే ఉండిపోయింది. 14, 15 కలిసి పడిన ర్యాక్‌కి ఒకటి ఎక్కువ వస్తుంది. మూడో ఫౌల్‌తో మధ్యలో ర్యాక్ పెట్టినప్పుడు ఈ లెక్క పనిచేయదు, అక్కడి నుంచి కొత్తగా కూడుకోవాలి.