ఓపీ మొదలయ్యే ముందు: క్లినిక్ సిబ్బందికి జాగ్రత్తలు

• దేవరకొండ, అచ్చంపేట దిక్కు నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు పొద్దుగాల్నే బెంచీ మీద ఉంటారు. డాక్టర్ ఆలస్యమైతే ఆ మాట ముందే చెప్పండి. తిరుగు బస్సు వాళ్లకు ముఖ్యం.

• "యాదమ్మ మీరేనా?" అని అడగొద్దు. సరిగా వినబడని అవ్వ దేనికైనా తలూపుతుంది. "అవ్వా, నీ పేరేంది, వయసెంత, ఏ ఊరు?" అని ఆమెతోనే చెప్పించి చీటీతో సరిచూడండి. ఒకే పొద్దున ఇద్దరు యాదమ్మలు రావడం ఇక్కడ మామూలే. ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోయేది ఇట్లనే.

• రోగం పేరు కౌంటర్ దగ్గర పైకి చదవొద్దు. రిపోర్టు వాట్సాప్‌లో పంపమని కొడుకు అడిగినా ముందు పేషెంట్‌ను అడగాలి. హెచ్‌ఐవీ సంగతైతే రాతపూర్వక సమ్మతి కావాలి, 2017 హెచ్‌ఐవీ చట్టం ఉంది.

• స్కానింగ్‌లో ఆడా మగా అన్నది మాటతోనే కాదు, సైగతోనూ చెప్పకూడదు.

• ఈసీజీ తీసేది మగవాళ్లైతే ఆడ పేషెంట్ పక్కన ఆడమనిషి ఉండాలి, తెర వేయాలి.

• చేతులకు రబ్ (శానిటైజర్) అయితే 20–30 సెకన్లు, సబ్బైతే 40–60. గ్లవ్స్ ఉన్నాయని మానొద్దు.

• వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. అప్పుడు గుచ్చుకునే ప్రమాదం ఎక్కువ. వాడిన సూదులు వేసే తెల్ల డబ్బా ముప్పావు నిండితే మార్చండి. గుచ్చుకుంటే పిండకుండా సబ్బునీళ్లతో కడిగి వెంటనే చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుకావాలి, ఎంత తొందరైతే అంత మేలు. భయపడి దాచేవాళ్లే నష్టపోతారు.

• చాయ్ పైసలు, ల్యాబ్ కమీషన్: రెండూ ముట్టొద్దు.