గేటు కార్డుకు ఇంకో ప్రతి: చేతి కాపీయర్‌తో ఎలా రాయాలి, ఎక్కడ పాడవుతుంది

అపార్ట్‌మెంటు గేటు కార్డుకో, లిఫ్టు ట్యాగుకో ఇంకో ప్రతి తీయడానికి కంప్యూటర్ అక్కర్లేదు. తాళంచెవులు చేసే కొన్ని షాపుల్లో ఉండే చేతి కాపీయర్ చాలు. రెండు ఏఏఏ బ్యాటరీలు, రీడ్, రైట్ అని రెండు బటన్లు. పని ఐదు నిమిషాలే, కానీ కార్డు రకం చూసుకోకుండా మొదలుపెడితే ఆ ఐదు నిమిషాలూ, కొన్న ఖాళీ కార్డూ వృథా.

కార్డు మీ పేరున ఇచ్చిందే అయినా, కాపీ తీసే ముందు అసోసియేషన్‌నో ఆఫీసునో అడిగి ఒప్పుకోలు తీసుకోండి. మరొకరి గుర్తింపును మోసపూరితంగా వాడడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద నేరం: 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా.

ముందు కార్డు ఏ ఫ్రీక్వెన్సీదో, అంటే రీడర్‌తో ఏ రేడియో తరంగం మీద మాట్లాడుతుందో తేల్చుకోవాలి. ఎన్‌ఎఫ్‌సీ (దగ్గరకు తెచ్చిన కార్డును చదివే సదుపాయం) ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఆన్ చేసి, కవర్ తీసేసి, కార్డును ఫోన్ వెనక ఆనించి మెల్లగా జరపండి. ఫోన్ స్పందిస్తే అది 13.56 మెగాహెర్ట్జ్ కార్డు. ఉలుకూ పలుకూ లేకపోతే చాలావరకు 125 కిలోహెర్ట్జ్‌ది. కార్డు పల్చనిదైతే చీకట్లో టార్చి వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. సన్నని రాగి తీగ చాలా చుట్లు చుట్టి గుండ్రని గాజులా కనిపిస్తే 125. కార్డు అంచుల వెంబడి నలుచదరంగా నాలుగైదు చుట్లే ఉంటే 13.56. మెడలో వేసుకునే మందపాటి కార్డులు ఎక్కువగా 125వే.

125లో బాగా వాడుకలో ఉన్నది ఈఎం4100 రకం. అందులో ఉండేది ఒక్క నంబరే: మొత్తం 64 బిట్లు, వాటిలో అసలు సమాచారం 40, మిగతావి మొదలు, చివర గుర్తులు, తప్పులు పట్టే ప్యారిటీ బిట్లు. తాళం వేసిన రహస్యం ఏదీ లేదు. రీడర్ దగ్గరకు రాగానే కార్డు తన నంబరు చెప్పేస్తుంది, అందుకే కాపీ ఇంత సులువు. కార్డు మీద 0012345678 188,24910 అని రెండు రకాలుగా అచ్చయి ఉంటే కంగారు పడకండి, రెండూ ఒకటే. 188ని 65,536తో గుణించి 24,910 కలిపితే 1,23,45,678 వస్తుంది. అచ్చు నంబరు, చిప్ నంబరు వేరుగా ఉండే కార్డులూ ఉంటాయి కాబట్టి రీడర్ చూపించిన దాన్నే నమ్మాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఖాళీ కార్డు దగ్గరే. షాపులో "125 కార్డు" అని అడిగితే టీకే4100 ఇచ్చేస్తారు. చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, కానీ దాని నంబరు ఫ్యాక్టరీలోనే పడిపోయింది, మళ్లీ రాయడం కుదరదు. మీరు అడగాల్సింది టీ5577. ఈఎం4305 కూడా తిరగరాయదగినదే, అయితే రాసే పద్ధతి వేరు, మీ కాపీయర్ దాన్ని ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. ఒకటి చాలనిపించినా రెండు కొనండి.

ఇక రాయడం. కాపీయర్‌ను చెక్కబల్ల మీద పెట్టండి, ఇనుప బల్ల వద్దు. లోహం దగ్గరుంటే అయస్కాంత క్షేత్రం బలహీనపడుతుంది. పర్సులో నుంచి కార్డు బయటికి తీయండి, రెండు కార్డులు ఒకేసారి దగ్గరుంటే రెండూ కలగలిసి ఏదీ చదవదు. అసలు కార్డును కాపీయర్ కాయిల్‌కు (లోపల తీగచుట్ట ఉన్న భాగానికి) ఆనించి రీడ్ నొక్కండి, బీప్ వచ్చి లైటు వెలగాలి. అసలు కార్డును దూరంగా పెట్టేయండి. కాపీయర్ ఆపకుండానే ఖాళీ కార్డు పెట్టి రైట్ నొక్కండి. బీప్ వచ్చేదాకా చెయ్యి కదపొద్దు. తర్వాత కొత్తదాన్ని రీడ్ చేసి చూసుకుని గేటు దగ్గర పరీక్షించండి. ట్యాగు అయితే దాని గుండ్రని భాగం కాయిల్ మధ్యకు రావాలి.

చదువుతోంది కానీ రాయట్లేదంటే మొదట అనుమానించాల్సింది బ్యాటరీలనే. చదవడానికి సరిపోయే శక్తి రాయడానికి సరిపోదు. రాస్తుండగా కార్డు జరిగితే టీ5577లో సెట్టింగులుండే మొదటి బ్లాకు సగం రాసి ఆగిపోతుంది, ఆ తర్వాత కార్డు చచ్చినట్టు కనిపిస్తుంది. పారేయకండి, కొత్త బ్యాటరీలు వేసి అదే చోట ఆనించి రెండు మూడుసార్లు మళ్లీ రాయండి, చాలాసార్లు లేస్తుంది. ఇంకో చిక్కు: చవక కాపీయర్లు కొన్ని రాసేటప్పుడే కార్డుకు పాస్‌వర్డ్ పెట్టేస్తాయి, తర్వాత వేరే పరికరం దాని మీద రాయలేదు. ఆ కార్డును రాసిన పరికరంతోనే తిరగరాయాలి.

13.56 కార్డుల జోలికి ఈ పరికరంతో వెళ్లొద్దు. వాటిలో ఒక రకమైన మైఫేర్ క్లాసిక్ 1కే కార్డులో 16 సెక్టార్లు (విడివిడి భాగాలు), ఒక్కోదానికి రెండు రహస్య తాళంచెవులు (సంకేత సంఖ్యలు) ఉంటాయి. పైపై నంబరు మాత్రమే కాపీ అయితే లోపలి సమాచారం ఉండదు, గేటు తెరుచుకోకపోవచ్చు. డెస్‌ఫైర్ అనే ఇంకో రకం కార్డుల్లో, బ్యాంకు కార్డుల్లో రహస్య తాళంచెవి చిప్ దాటి బయటికే రాదు, రీడర్ అడిగిన ప్రతిసారీ కొత్త జవాబు లెక్కకట్టి ఇస్తుంది. బ్యాంకు కార్డు కూడా కాపీ చేస్తామనే వాళ్లకు కార్డు చేతికివ్వకండి.

నిజానికి ఇంట్లో ఇంకొకరికి కార్డు కావాలంటే కాపీ కన్నా కొత్త కార్డును గేటు యంత్రంలో ఎక్కించుకోవడమే మేలు. కాపీ అంటే ఒకే నంబరు రెండు చేతుల్లో ఉండటం. ఒకటి పోతే ఆ నంబరు తీసేయాలి, తీసేస్తే ఇంట్లో ఉన్నదీ పనిచేయదు. ఎవరు ఎప్పుడు వచ్చారన్నది రికార్డులో తేలదు. కొత్త కార్డు ఎక్కించడానికి మామూలు టీకే4100 చాలు. కీప్యాడ్ ఉన్న చాలా యంత్రాల్లో అసోసియేషన్ వాళ్లు చేసేది ఇంతే: స్టార్, మాస్టర్ కోడ్, హ్యాష్, తర్వాత 1 నొక్కి కార్డు చూపించి హ్యాష్, చివర స్టార్‌తో బయటికి. తీసేయడానికి 1 బదులు 2. మోడల్‌ను బట్టి అంకెలు మారతాయి కాబట్టి పక్కన మాన్యువల్ పెట్టుకోండి. ఫ్యాక్టరీ మాస్టర్ కోడ్ ఇంకా అలాగే ఉంటే ఆ పూటే మార్పించండి, ఆ కోడ్ మాన్యువల్‌లో అచ్చయి ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు.

ఎక్కించేటప్పుడే ఫ్లాట్ నంబరు, కార్డు నంబరు ఒక నోట్‌బుక్‌లో పక్కపక్కన రాయండి. కార్డు పోయాక చూపించి తీసేయడానికి కార్డు ఉండదు, నంబరు కొట్టే తీసేయాలి.