సమాధానం ఫోన్‌లోనే దొరుకుతుంటే ఇంజనీరింగ్ దేనికి? ఇలా చదివితే పనికొస్తుంది

ఫార్ములాలు బట్టీ పట్టడానికే అయితే ఇంజనీరింగ్ చదువు ఇప్పుడు దండగే, అందులో మొహమాటం ఏం లేదు. కానీ ఫోన్ ఇచ్చిన సమాధానం తప్పని పట్టుకోవాలంటే ఆ చదువు కావాలి. అదెలా ఒంటపడుతుందో చెప్తాను.

చిన్న సర్క్యూట్‌తో మొదలుపెట్టండి. 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఎర్ర ఎల్‌ఈడీ. ఎల్‌ఈడీ దగ్గర సుమారు 2 వోల్టులు పోతే మిగిలేది 7, కరెంటు 20 మిల్లీ ఆంపియర్లు, అంటే 0.02 ఆంపియర్లు, దాటకూడదనుకుంటే 7ని 0.02తో భాగించాలి, అంటే 350 ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటుని అడ్డుకునే చిన్న భాగం) కావాలి. పుస్తకంలో లెక్క ఇక్కడితో అయిపోతుంది, అసలు పని ఇక్కడే మొదలవుతుంది. మామూలుగా దొరికే రెసిస్టర్లలో 330 ఉంటుంది, 390 ఉంటుంది, మధ్యలో 350 ఉండదు. ఏది తీసుకుంటారు? 390. కరెంటు 18కి తగ్గి వెలుగు కాస్త తగ్గుతుంది, అది కంటికి కూడా తెలీదు. 330 పెడితే మాత్రం 20 దాటిపోతుంది. తర్వాత మల్టీమీటర్‌తో ఆ రెసిస్టర్‌ని కొలిచి చూడండి. దాని మీద 390 అని చెప్పే నారింజ, తెలుపు, గోధుమ చారల పక్కన బంగారు రంగు చార ఉంటే 5 శాతం అటూ ఇటూ అని అర్థం, అంటే 371 చూపించినా అది మంచి రెసిస్టరే. కాగితం మీది అంకెకీ చేతిలో ఉన్న వస్తువుకీ ఉన్న ఈ తేడా వీడియోలు ఎన్ని చూసినా ఒంటపట్టదు.

యూనిట్లు రాయకుండా ఒక్క అంకె కూడా రాయొద్దు. విసుగ్గానే ఉంటుంది, తెలుసు. 1999లో నాసా వాళ్ల మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక అంగారకుడి దాకా వెళ్లాక చేజారింది ఎందుకంటే, ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చిన అంకెల్ని ఇంకోటి న్యూటన్ల లెక్క అనుకుంది.

ఏదైనా "ఇంతకుముందు పనిచేసింది" అని ఎవరైనా అంటే, ఎంతవరకు పనిచేసిందో అడగండి. 1996లో ఏరియన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే, ఎగిరిన నిమిషంలోపే పేలిపోయింది. అందులో ఏరియన్ 4 నుంచి తెచ్చిన కోడ్ ఉంది. పాత రాకెట్‌కి అది బాగానే పనిచేసింది, కొత్తదాని వేగం మాత్రం ఆ కోడ్ అంకెకి ఇచ్చిన 16 బిట్ల చోటులో పట్టలేదు. కాబట్టి మీ ప్రాజెక్ట్ నడిచాక ఆపేయకండి, ఏం చేస్తే చెడిపోతుందో ఒక సాయంత్రం కూర్చుని కావాలనే చెడగొట్టి చూడండి. ల్యాబ్ రికార్డు పక్కవాళ్ల దగ్గర చూసి ఎక్కించేవాళ్లకి ఈ సరదా ఎప్పటికీ దొరకదు.

ఏఐని వాడొద్దని నేను చెప్పను, నేనూ వాడతాను. అడిగే ముందు మీ అంచనా ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రెండింటికీ పది రెట్లు తేడా వస్తే ఎవరిది తప్పో తేలేదాకా వదలొద్దు. నా విషయంలో చాలాసార్లు తప్పు నాదే, మిల్లీ రాయాల్సిన చోట మైక్రో రాసి ఉంటాను.