పోస్ట్‌గ్రెస్ 12కు మారాక స్టాండ్‌బై లేవకపోతే: నా అనుభవం

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 11 నుంచి 12కు మారాక, పాత స్క్రిప్టుతో కట్టిన స్టాండ్‌బై సర్వర్ (ప్రధాన సర్వర్‌కు, అంటే ప్రైమరీకి, నకలుగా నడిచేది) మొరాయించింది. స్టాండ్‌బై సెట్టింగులు ఉండే రికవరీ.కాన్ఫ్ ఫైలు ఇక చెల్లదని లాగ్‌లో ఒకటే వరుస. అనుమతులు మార్చినా, బేస్ బ్యాకప్ (ప్రైమరీ డేటా మొత్తం నకలు) మళ్లీ తీసినా లొంగలేదు. ఆ ఫైలును ఊరికే తీసేయకండి: సర్వర్ లేస్తుంది గానీ స్వతంత్ర ప్రైమరీగా లేచి రాతలు స్వీకరిస్తుంది. అది మరీ ప్రమాదం.

పనిచేసిన క్రమం ఇది. సర్వర్ ఆగి ఉండగానే ప్రైమరీకి ఎలా కనెక్ట్ కావాలో చెప్పే ప్రైమరీ_కాన్‌ఇన్‌ఫో వరుసను ఆ పాత ఫైలు నుంచి ప్రధాన సెట్టింగుల ఫైలు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్‌లోకి మార్చాను. పాత స్టాండ్‌బై_మోడ్ సెట్టింగుకు 12లో చోటు లేదు, వదిలేశాను. పాత ఫైలు తొలగించి, డేటా డైరెక్టరీలో స్టాండ్‌బై.సిగ్నల్ పేరుతో ఖాళీ ఫైలు పెట్టాను. లోపల ఒక్క అక్షరమూ అక్కర్లేదు, ఉంటే చాలు. ఆ తర్వాతే సర్వర్ మొదలుపెట్టాను. పీజీ_ఈజ్_ఇన్_రికవరీ ఫంక్షన్‌తో అడిగితే ‘టి’ అంది, అంటే అది స్టాండ్‌బైగానే నడుస్తోంది.

మాది ఒకే స్టాండ్‌బై, స్ట్రీమింగ్ (ప్రైమరీలో మార్పులు నేరుగా నెట్‌వర్క్ మీద అందుకోవడం) మాత్రమే. స్టాండ్‌బైలను నిర్వహించే రెప్‌మేనేజర్ టూల్ వాడేవారికి ఇదే సరిపోతుందని చెప్పలేను.