వానలకు ముందే పిల్లి ఊపిరి, గుర్రం నాడి లెక్కపెట్టి రాసుకోండి

పోయినేడు ఆగస్టులో మా బిల్డింగ్‌లో ఇంటికొకరు జ్వరంతో పడుకున్నారు. డెంగీ టెన్షన్‌తో ఎవరింటికి వెళ్లినా పారాసెటమాల్ షీట్లు టేబుల్ మీదే కనిపించేవి. పై అంతస్తు ఆంటీ వాళ్ల పిల్లి కూడా రెండు రోజులుగా మూలన ముడుచుకుని ఉంటే, "పాపం, దీనికీ ఒళ్లు కాలుతోంది" అని అర మాత్ర నూరి పాలల్లో కలిపి పట్టించారు. సాయంత్రానికల్లా దాని మొహం, ముందు పాదాలు ఉబ్బాయి. గులాబీ రంగులో ఉండాల్సిన చిగుళ్లు కాఫీ పొడి రంగుకు తిరిగాయి. డాక్టర్లు ఆక్సిజన్ పెట్టి, విరుగుడు ఎక్కించి ఎలాగో బతికించారు.

ఆంటీని తప్పు పట్టలేను. ఏ పిల్లిని ముట్టుకున్నా మన చేతికి వెచ్చగానే తగులుతుంది. దాని మామూలు వేడే 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది మరి. పారాసెటమాల్‌ని విరిచి బయటికి పంపే శక్తి మాత్రం పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒంట్లో మిగిలిపోయిన మందు రక్తం ఆక్సిజన్ మోసే పనిని చెడగొడుతుంది. చిగుళ్లకు ఆ మట్టిరంగు వచ్చేది అందుకే. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, పెద్ద పిల్లి ప్రాణం తీయడానికి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా వద్దు, అవి కిడ్నీల మీద, పేగుల మీద పడతాయి.

అందుకే మృగశిర రాకముందే నేను చేసే పని ఒకటుంది. ఒంట్లో బాగున్నప్పటి లెక్కలు రాసిపెట్టుకుంటాను. పిల్లి నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని, నిమిషంలో పొట్ట ఎన్నిసార్లు లేచి పడుతుందో చూడండి. 30 లోపు ఉండాలి. కుక్కలా నోరు తెరిచి రొప్పుతోందంటే పిల్లి విషయంలో అది ఎమర్జెన్సీ, ఇక లెక్కలు పెట్టుకుంటూ కూర్చోవద్దు. గుర్రానికైతే కింది దవడ ఎముక లోపలి అంచున వేలు పెడితే సన్నని తాడులాంటి నాళం తగులుతుంది. అక్కడ 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 కొట్టుకోవాలి. ఊపిరి 8 నుంచి 16, వేడి 99 నుంచి 101.5. రెండింటికీ చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఇది పగటి వెలుతురులో చూడాలి, ట్యూబ్‌లైట్ కింద అన్నీ పాలిపోయినట్టే కనిపిస్తాయి.

గుర్రాల సంగతి

మలక్‌పేట అనగానే అందరికీ రేసులు గుర్తొస్తాయి గానీ, ఆ గుర్రాలకు డాక్టర్లు, వాటిని చూసుకునే సాయీసులు ఎప్పుడూ దగ్గరే ఉంటారు. నా బెంగంతా పాతబస్తీ సందుల్లో, రేకుల షెడ్లలో ఉండే పెళ్లి గుర్రాల గురించి. నాకు తెలిసిన చాచా ఒకాయన ఉన్నాడు, మూడు గుర్రాలున్నాయి. "లద్ది చూడకుండా నేను చాయ్ ముట్టను బేటా" అంటాడు. ఇంత మంచి పరీక్ష ఇంకోటి లేదు. గుర్రం కొన్ని గంటలుగా లద్ది వేయలేదంటే, మేత వాసన చూసి వదిలేసిందంటే ఏదో తేడా ఉన్నట్టే. ఆ తర్వాత డొక్క వైపు తల తిప్పి తిప్పి చూసుకుంటుంది, ముందు కాలితో నేల గీరుతుంది, పై పెదవి ముడుస్తుంది, మూత్రానికన్నట్టు ఒళ్లు సాగదీసి నిలబడుతుంది, పడుకుని పొర్లుతుంది. ఇది కడుపునొప్పి, గుర్రాలవాళ్ల మాటల్లో కాలిక్. నాడి 60 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. బాగా పొర్లిన గుర్రం ఉన్నట్టుండి నెమ్మదించి, చెమటతో చల్లబడి నిలబడితే తగ్గిందని సంతోషపడకండి. లోపల పొట్ట పగిలినప్పుడూ అలాగే ఉంటుంది.

గుర్రం వాంతి చేసుకోలేదు. దాని పొట్ట పైమూత అంత బిగువు. కాబట్టి విషం తిన్నా, ఎక్కువ తిన్నా వెనక్కి కక్కించే మార్గం లేదు. డాక్టరు ముక్కులోంచి గొట్టం వేసి తీయాల్సిందే. ఈలోగా సీసాతో నూనె, వాము కషాయం గొంతులో పోస్తారు కొందరు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే నొప్పికి తోడు న్యుమోనియా. నోటికి ఏమీ పెట్టకండి, మేత తీసేయండి, కుదిరితే మెల్లగా నడిపించండి.

మన ఊళ్లో ఇంకో చిక్కుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, గుర్రం షెడ్డులోనే కట్టేసి ఉంటుంది. ఉలవలు, శనగలు మాత్రం పని ఉన్నప్పటి కొలతే పడుతుంటాయి. శ్రావణం రాగానే ఒకేసారి రాత్రికి రెండు ఊరేగింపులు. నడక మొదలైన కాసేపటికే వెనక కండరాలు రాయిలా బిగుసుకుంటాయి, చెమట కారుతుంది, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. చూసేవాళ్లు విషం పెట్టారంటారు. నిజానికి విశ్రాంతిలో తగ్గించని దాణా చేసిన పని అది. అలాంటప్పుడు అడుగు కూడా నడిపించకూడదు, నిలబడ్డ చోటికే డాక్టరును పిలవాలి. కాలిక్‌కీ దీనికీ తేడా తెలియడం అందుకే ముఖ్యం. పని లేని రోజుల్లో గింజలు సగానికి పైగా తగ్గించి గడ్డి పెంచడమే మందు. ఫంక్షన్ హాలులో మిగిలిన అన్నం, రొట్టెలు పెట్టడం కూడా అంతే ప్రమాదం. ఒకటి రెండు రోజుల్లో గిట్టలు వేడెక్కి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి నిలబడితే అది గిట్టల వాపు.

వానలో తడిసి బూజు పట్టిన మొక్కజొన్నను ఎండబెట్టి పెడితే సరిపోతుందనుకోవద్దు. బూజు చచ్చినా దాని విషం గింజలోనే ఉంటుంది. గుర్రం మెదడును తినేస్తుంది అది. చూపు తగ్గి, గోడకు తల ఆనించి నెట్టడం, గుండ్రంగా తిరగడం దాని గుర్తులు. కోళ్ల దాణా చవకని కలపొద్దు, అందులో కలిపే మోనెన్సిన్ అనే మందు కోడికి మంచిదే గానీ గుర్రం గుండెకు ప్రాణాంతకం.

ఇక గన్నేరు. డివైడర్ల మీద, అవుటర్ రింగు రోడ్డు పక్కన ఎక్కడ చూసినా అదే. వానలకు ముందు కొమ్మలు కొట్టి రోడ్డు పక్కన కుప్ప వేస్తారు. పచ్చి ఆకు చేదు కాబట్టి గుర్రం వదిలేసినా, వాడిన ఆకును తినేస్తుంది. ఎండినా విషం పోదు, పెద్ద గుర్రానికి పది ఇరవై ఆకులు చాలు. విరేచనాలు, చల్లబడ్డ చెవులు, తప్పుతూ కొట్టుకునే నాడి కనిపిస్తే వెంటనే డాక్టరును పిలవండి. పచ్చ గన్నేరుదీ ఇదే కథ.

వానల తర్వాత జోరీగలు ముసురుతాయి. అవి కుట్టడం వల్ల సర్రా అనే రక్తంలోని పరాన్నజీవి జబ్బు వస్తుంది. జ్వరం వచ్చి పోతూ ఉండడం, తింటున్నా చిక్కిపోవడం, పొట్ట కింద వాపు చూస్తే రక్తపరీక్ష చేయించండి. మేకు దిగిందంటే ధనుర్వాతం ఇంజక్షన్ గుర్తుండాలి. ముక్కు నుంచి చిక్కటి చీము, కాళ్ల మీద గడ్డలు కనిపిస్తే దూరంగా కట్టేసి పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. అది గ్లాండర్స్ అనే అంటురోగం అయితే మనుషులకూ అంటుతుంది.

పిల్లుల సంగతి

నాలాలు పొంగితే ఎలుకలు ఇళ్లలోకి వస్తాయి, వాటి వెనకే ఎలుకల మందూ వస్తుంది. మందు తిన్న ఎలుకను పిల్లి తిన్నా కొన్నిసార్లు ముప్పే. నీలం, ఆకుపచ్చ బిళ్లల రకం చాలావరకు రక్తం గడ్డకట్టనివ్వదు. తిన్న రోజు ఏమీ తెలియదు, మూడు నుంచి అయిదు రోజులకు చిగుళ్లు తెల్లబడి, ఆయాసం, మూత్రంలో రక్తం. దీనికి విటమిన్ కె1 ఉంది, వారాల తరబడి వాడాలి. నల్లపొడి రకం గంటల్లోనే పని చేస్తుంది. వాంతిలో వెల్లుల్లి లాంటి వాసన వస్తే కారు అద్దాలు దించి తీసుకెళ్లండి, ఆ వాయువు మనకూ మంచిది కాదు. రకం తెలియకుండా డాక్టరు కూడా చీకట్లో వెతకాల్సిందే. మందు ప్యాకెట్ పారేయకండి.

వానాకాలంలో కుక్కకు గోమార్ల మందు మెడ మీద వేస్తారు. పెర్మెత్రిన్ ఉన్న ఆ చుక్కలు పిల్లికి పడితే ఒళ్లంతా వణుకు, ఫిట్స్. అంట్ల సబ్బుతో గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి బయల్దేరండి. ఫినాయిల్ తడి ఆరేదాకా పిల్లిని గదిలోకి రానివ్వకండి. పాదాలు నాకి నోరు పుండై చొంగ కారుస్తుంది. శ్రావణ శుక్రవారాలకు గుడిమల్కాపూర్ నుంచి పూలు తెచ్చుకోండి, బొకేల్లో పెట్టే పెద్ద పూల లిల్లీలు మాత్రం వద్దు (దండల్లో గుచ్చే మన లిల్లీ కాదు). ఒంటికి అంటిన పుప్పొడి నాకినా రెండు మూడు రోజుల్లో కిడ్నీలు పోతాయి.

విషం కాదుగానీ ఒకటి చెప్పకపోతే తప్పు. మగపిల్లి ఇసుక ట్రేలో మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ అరుస్తుంటే చాలామంది మలబద్ధకం అనుకుంటారు. మూత్రం చుక్క కూడా రావడం లేదంటే దారి మూసుకుపోయినట్టు. ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది, ఆ పూటే తీసుకెళ్లాలి.

ఉప్పునీళ్లు, పాలు, పచ్చిగుడ్డు పోసి కక్కించే ప్రయత్నాలు వద్దు. ఏం తిన్నది, ఎప్పుడు తిన్నది రాసుకుని, చిగుళ్ల ఫొటో తీసి వెళ్లండి. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉన్నాయి. వీధి చివరి పెట్ క్లినిక్ గుర్రాన్ని చూడకపోవచ్చు. ఎవరు చూస్తారో, రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో ఇప్పుడే కనుక్కోండి. వాన పడే సాయంత్రం మెహిదీపట్నం నుంచి నారాయణగూడకు ఎంతసేపు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు.

మా ఫ్రిజ్ మీద చీటీ ఉంది: "నల్లపిల్లి, నిద్రలో 22. బూడిదది, 26." ఆంటీ చూసి నవ్వారు. వారం తర్వాత వాళ్ల ఫ్రిజ్ మీద కూడా ఒకటి కనిపించింది. దాని పక్కనే ఇంట్లో అందరి జ్వరం మాత్రలు మూత బిగించిన స్టీలు డబ్బాలోకి మారాయి.